మైక్రోమీటర్ ఎవరిది?

లేత్ పని నేర్చుకున్న అమెరికా వాడి దగ్గర సొంత చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. అందులో గుడ్డ పరిచిన చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో కొలత పరికరం. ఉద్యోగం మారితే పెట్టె కూడా వాడితోపాటే కొత్త షాపుకెళ్తుంది. మన దగ్గర ముప్పై ఏళ్ళు లేత్ ముందు నిలబడి రిటైరైన మనిషి ఇల్లంతా వెతకండి. ఒక స్టీలు స్కేలు దొరికితే గొప్ప. అది కూడా పిల్లలు గీతలు గీసుకోవడానికి వాడి అరగదీసి ఉంటారు.

పనితనంలో తేడా వల్ల కాదిది. మా పెద్దబాపు ఇక్కడి చక్కెర మిల్లు వర్క్‌షాపులో టర్నరుగా చేశాడు. క్యాలిపర్ పట్టుకుంటే ఆయన వేళ్ళకి కాగితం మందంలో నాలుగో వంతు తేడా తెలిసేది. కానీ ఆయన జన్మలో ఒక్క మైక్రోమీటర్ కొనలేదు. కొనాల్సిన పని రాలేదు. అప్పటి పెద్ద ఫ్యాక్టరీలన్నింట్లోలాగే అక్కడా టోకెన్ల పద్ధతి. పనివాడి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు కొన్ని ఇస్తారు. టూల్ రూమ్ కిటికీ దగ్గర బిళ్ళ ఇస్తే స్టోర్ కీపర్ మైక్రోమీటర్ ఇస్తాడు, ఆ మేకుకు బిళ్ళ తగిలిస్తాడు. సాయంత్రం తిరిగిచ్చి బిళ్ళ తెచ్చుకోవాలి. "మైక్రోమీటర్ మిల్లుది, బిళ్ళ నాది" అనేవాడు నవ్వుతూ. ఇప్పుడా మాట తలుచుకుంటే నాకంత నవ్వు రావట్లేదు.

ఎందుకంటే మా చిన్నమ్మ కొడుకు ఐటిఐలో మెషినిస్టు ట్రేడు పూర్తి చేసి, నిజామాబాద్‌లో ఒక లేత్ షాపులో ఉస్తాద్ దగ్గర చేరాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, ఆన్‌లైన్ల డిజిటల్ వెర్నియర్ ఎనిమిది వందలకే ఉన్నది, కొనాల్నా? ఉస్తాద్ తనది ముట్టనిస్తలేడు" అన్నాడు. నేను మెకానికల్ చదివి జావా రాసుకునే బాపతు. అయినా ఇంట్లో వాళ్ళకి నేనింకా ఇంజనీరునే కాబట్టి ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి :) వాడికి జవాబు చెప్పడానికని కూర్చుంటే విషయం ఎక్కడెక్కడికో పోయింది. పోయినకొద్దీ నాకర్థమైంది ఏంటంటే, ఏ పరికరం కొనాలనేది మా ప్రాంతంలో కొత్త ప్రశ్న. మా పెద్దబాపు తరానికి ఈ ప్రశ్నే లేదు.

మా ప్రాంతం గురించి తెలియని వాళ్ళకోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో అయిపోయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరు. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క. నీళ్ళొచ్చాయి, చెరుకు వచ్చింది. అటు బ్రిటిష్ ఇండియాలో 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టం తెచ్చి, జావా చక్కెర మీద సుంకం వేసి, ఇక్కడి మిల్లులకు ఊపిరి పోశారు. నిజాం సర్కారు కూడా ఊరుకోలేదు. 1929లో పెట్టిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ డబ్బుతో రాష్ట్రంలో ఒక్కో పరిశ్రమా లేచింది. అలా బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ పుట్టిన కాలనీ పేరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్ళు. మా చిన్నప్పుడు ఆ మాట వినని నిజామాబాద్ పిల్లాడు ఉండడు.

చక్కెర మిల్లు అంటే చక్కెర తయారుచేసేది అనుకుంటాం కానీ, ఏడాదిలో సగం అది ఒక పెద్ద రిపేరు షాపు. చలికాలంలో క్రషింగు. ఎండాకాలం వచ్చేసరికి చెరుకు అయిపోతుంది, అప్పుడు ఓవర్‌హాలింగ్ మొదలవుతుంది. చెరుకు పిండే రోలర్ల పళ్ళు ఒక్క సీజన్‌కే అరుగుతాయి, వాటిని పెద్ద లేత్ మీదికెక్కించి మళ్ళీ గాళ్ళు కోయాలి. రోలర్ మెడలు తిరిగే బేరింగులు గన్‌మెటల్‌వి, అవీ అరుగుతాయి. మూడు రోలర్ల మధ్య సందు ఎంత పెట్టాలనేది ఒక శాస్త్రం. చెరుకు లోపలికి వెళ్ళే వైపు ఎక్కువ, పిప్పి బయటికొచ్చే వైపు తక్కువ. సందు ఎక్కువైతే రసం పిప్పిలోనే పోతుంది, తక్కువైతే మిల్లు దిగేసుకుంటుంది. అంటే రైతుకూ మిల్లుకూ వచ్చే డబ్బు చివరికి ఒక ఫిట్టర్ చేతిలో ఉన్న ఇన్‌సైడ్ క్యాలిపర్ మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పనిలో చాలా భాగానికి అంకె అక్కర్లేదు. షాఫ్టు ఎంతుందో క్యాలిపర్ కాళ్ళతో పట్టుకుంటావు, ఆ క్యాలిపర్‌ను ఇన్‌సైడ్ క్యాలిపర్‌కి ఆనించి అదే కొలత ఎక్కించుకుంటావు, దాంతో బుష్ లోపలి రంధ్రం చూస్తావు. కాలు ఎంత బిగువుగా జారింది అనేదే లెక్క. స్కేలు మీద పెట్టి చదివితే క్యాలిపర్ ఒక అంగుళంలో అరవై నాలుగో వంతు వరకే పనికొస్తుంది, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. కానీ చదవకుండా ఒకదాన్నుంచి ఒకదానికి మోస్తే అలవాటు పడ్డ చేతికి ఒకటి రెండు థౌల తేడా దొరుకుతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటర్లు. ఒకే పరికరం, చదివితే మొద్దు, తాకితే పదును. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

పాశ్చాత్య దేశాల్లో కూడా కథ ఇలాగే మొదలైంది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కనిపెట్టాడని మనం చదువుకున్నాం. దాని సిలిండర్ గుండ్రంగా కోసేవాడు దొరక్క ఆయన ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డాడని తక్కువమంది చదువుతారు. చివరికి జాన్ విల్కిన్సన్ అనే ఫిరంగులు బోరు చేసే ఆయన 1775-76లో ఆ పని చేసిపెట్టాడు. యాభై అంగుళాల సిలిండర్లో తేడా ఒక పాత షిల్లింగు నాణెం మందం కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంబరపడిపోయాడు. చూడండి, కొలతకి యూనిట్ ఏంటో.. షిల్లింగు! చేతిలో ఉన్న నాణెంతో పోల్చారు. తర్వాత లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే 1805 ప్రాంతంలో బల్లమీద పెట్టుకునే మైక్రోమీటర్ ఒకటి చేసుకుని దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టాడు. వర్క్‌షాపులో కొలత మీద తగాదా వస్తే చివరి తీర్పు దానిదే. ఆ షాపులో పనిచేసి వెళ్ళిన విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణం పెట్టాడు, 1851 లండన్ ప్రదర్శనలో అంగుళంలో పది లక్షల వంతు తేడా పట్టే యంత్రం చూపించాడు. అయితే మాడ్‌స్లేదైనా విట్‌వర్త్‌దైనా యజమాని దగ్గర ఉండేదే. అదీ మన టూల్ రూమ్ కిటికీయే.

కిటికీ బద్దలైంది అమెరికాలో. అదే 1851లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో జోసెఫ్ బ్రౌన్ అనే గడియారాల రిపేరు కుటుంబం వాడు వెర్నియర్ క్యాలిపర్ తయారుచేసి అమ్మాడు. వెర్నియర్ సూత్రం పాతదే, పియేర్ వెర్నియర్ 1631లోనే పుస్తకంలో వేశాడు, కానీ అది నక్షత్రాలు చూసేవాళ్ళ వస్తువుగా ఉండిపోయింది. బ్రౌన్ చేసిన పనల్లా స్కేళ్ళ మీద గీతలు గీసే యంత్రం ఒకటి తయారుచేసుకోవడం. చేత్తో గీస్తే రోజులు పట్టే గీతలు యంత్రం గీస్తే ధర దిగింది. మామూలు మెషినిస్టు తన జీతంతో కొనగలిగిన మొదటి కచ్చితమైన పరికరం అదేనంటారు. 1867లో బ్రౌన్, ఆయన భాగస్వామి షార్ప్ పారిస్ ప్రదర్శనకు వెళ్ళి, అక్కడ పామర్ అనే ఫ్రెంచివాడు 1848లో పేటెంటు తీసుకున్న మర మైక్రోమీటర్ చూశారు. మరుసటేడు అలాంటిదే జేబులో పట్టేంత చిన్నది చేసి అమ్మారు. 1880లో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టారెట్ కంపెనీ వచ్చింది. వీళ్ళు ఫ్యాక్టరీలకే కాదు, పనివాడికీ నేరుగా అమ్మారు. చెక్కపెట్టె సంస్కృతి అక్కణ్ణుంచే బలపడిందని నా అభిప్రాయం.

మన దగ్గర అలా ఎందుకు కాలేదు? ఒకటి, ఆ వస్తువు ఇక్కడ తయారుకాలేదు. అంతా దిగుమతి. అమెరికా మెషినిస్టు డాలర్లలో సంపాదించి డాలర్లలో కొన్నాడు. బోధన్ టర్నరు హాలీ సిక్కాలో సంపాదించి డాలర్లలో ఎలా కొంటాడు? రెండోది, యంత్రాలతో పాటు పద్ధతి కూడా ఫ్యాక్టరీగానే వచ్చింది. షాపు నుంచి షాపుకు తిరిగే పనివాడు కాదు ఇక్కడివాడు. ఒక మిల్లు, ఒక క్వార్టరు, ఒక టోకెన్ నంబరు. స్వాతంత్ర్యం తర్వాత మూడోది చేరింది.. దిగుమతి లైసెన్సులు. హైదరాబాద్‌లో 1943లోనే ప్రాగా టూల్స్ పుట్టింది, 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పడానికి కేంద్ర సంస్థ వచ్చింది, పుణెలో బేకర్ వాళ్ళు డయల్ గేజిలు చేశారు. కానీ ఇవన్నీ ఫ్యాక్టరీలకీ, ఫ్యాక్టరీలకు మనుషుల్ని తయారుచెయ్యడానికీ. లేత్ షాపు కుర్రాడి జేబు ఎవరి లెక్కలోనూ లేదు.

దీనికి తోడు కొలతే మారింది. చక్కెర మిల్లు యంత్రాలకు ఆ రోజుల్లో ప్రపంచంలో పెద్ద కేంద్రం గ్లాస్గో. గ్లాస్గో అంటే అంగుళాలు, విట్‌వర్త్ మరలు. 1956లో మన దేశంలో మెట్రిక్ చట్టం వచ్చింది, 1962కల్లా మిల్లీమీటరు అధికార కొలత అయిపోయింది. యంత్రం మాత్రం అధికారిక ప్రకటన విని మారదు కదా. ఫలితంగా మా వైపు మెషినిస్టు మూడు భాషలు మాట్లాడతాడు. సీకు కొనేటప్పుడు సూత్, అంగుళానికి ఎనిమిది సూత్‌లు. పాత మిల్లు సామాను దగ్గర థౌ. బేరింగు దగ్గర మిల్లీమీటర్. "మూడు సూత్ల సీకు తెచ్చి ఇరవై ఎమ్మెమ్ బేరింగుకు రెండు థౌ టైటుగ తియ్" అని ఒకే వాక్యంలో వాడేస్తారు. వినడానికి వింతగా ఉన్నా (మూడు సూత్ల సీకులోంచి ఇరవై మిల్లీమీటర్లు ఎలా వస్తుందని అడక్కండి, ఉదాహరణకి చెప్పాను) పని ఆగదు.

సరే, మిల్లు సంగతి చెప్పాలి. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటుకిచ్చి నిజాం దక్కన్ షుగర్స్ అని చేశారు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి బోధన్, మెదక్, మెట్‌పల్లి మూడు యూనిట్లూ మూసేశారు. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకంటే ముందే మూతపడింది. దీని మీద రాజకీయంగా రాసిన వాళ్ళు చాలామంది ఉన్నారు, చెరుకు రైతుల గురించీ కార్మికుల బకాయిల గురించీ రాశారు, రాయాల్సిందే. నాకు తట్టేది మాత్రం ఆ టూల్ రూమ్ కిటికీ. ఏ ఊళ్ళోనైనా పెద్ద వర్క్‌షాపు మూతపడితే పోయేది జీతాలొక్కటే కాదు. ఆ ఊళ్ళో అంగుళం అంటే ఎంతో తేల్చి చెప్పే చోటు కూడా పోతుంది. మాస్టర్ గేజిలు, వాటిని దుమ్ము పడకుండా చూసే స్టోర్ కీపరు, మైక్రోమీటర్ కింద పడితే తిట్టే ఫోర్‌మన్.. అందరూ కలిసి ఒక లార్డ్ ఛాన్సలర్. బయట షాపు పెట్టుకున్న పాత పనివాళ్ళు చేతులు తెచ్చుకున్నారు గానీ కిటికీ తెచ్చుకోలేరు కదా.

ఇప్పుడు మా తమ్ముడి ముందు కిటికీ లేదు, ఫోన్ స్క్రీన్ ఉంది. దాంట్లో 200, 300 రూపాయలకి ప్లాస్టిక్ డిజిటల్ క్యాలిపర్, 1000 లోపు స్టీలుది, జపాన్ కంపెనీ మామూలు వెర్నియర్ 2000కి అటూ ఇటూ. 1980లలో డిజిటల్ క్యాలిపర్ వచ్చినప్పుడు అది పెద్ద కంపెనీల వస్తువు. ఈ శతాబ్దంలో చైనా ఫ్యాక్టరీలు దాన్ని పెన్సిల్ డబ్బా ధరకు దించాయి. చరిత్రలో కొలత పరికరం ఇంత చవగ్గా ఎప్పుడూ లేదు. నేను చైనా వస్తువుని తిట్టే బ్యాచ్ కాదు. కానీ అక్కడో చిక్కుంది. తెర మీద 20.01 అని రెండు దశాంశాలు కనిపిస్తాయి. ఆ రకం క్యాలిపర్లకి హామీ ఇచ్చే కచ్చితత్వం చూస్తే, మంచివాటికే ప్లస్ ఆర్ మైనస్ 0.02, చవకవాటికి 0.03. డబుల్ వేరియబుల్‌ని పదిహేను అంకెలు ప్రింట్ చేసినంత మాత్రాన లెక్క కరెక్టయినట్టు కాదని మా వృత్తిలో మొదటి ఏడాదే తెలుస్తుంది. ఇదీ అంతే.

ఎంత తేడా పడుతుందో ఒక ఉదాహరణ. మా వైపు పసుపు పాలిష్ చేసే డ్రమ్ముల్లో, మోటార్లలో కనిపించే 6204 బేరింగు తీసుకోండి. లోపలి రంధ్రం 20, బయట 47, వెడల్పు 14 మిల్లీమీటర్లు. దాంట్లో బిగువుగా కూర్చోవాల్సిన షాఫ్టుని మామూలుగా 20.002 నుంచి 20.015 మధ్య తియ్యాలి. మొత్తం కిటికీ 0.013. వెర్నియర్‌లో ఒక్క గీత విలువే 0.02! యాభై గీతలు నలభై తొమ్మిది మిల్లీమీటర్లలో సర్దుతారు, ఒక్కో గీత 0.98, తేడా 0.02, అంతకన్నా అది చూడలేదు. అంటే ఆ షాఫ్టుని వెర్నియర్‌తో గానీ డిజిటల్‌తో గానీ తియ్యలేం. మైక్రోమీటర్ కావాలి. మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు, చుట్టూ యాభై గీతలు, ఒక్కో గీత 0.01, గీతల మధ్య కంటితో ఇంకో సగం చూడొచ్చు.

మరి మైక్రోమీటర్ లేని ఉస్తాద్‌లు ఇన్నేళ్ళూ ఎలా తీశారు? బేరింగుతోనే. షాఫ్టుని రవ్వంత ఎక్కువ ఉంచి, ఎమరీ పేపరుతో రుద్దుతూ, మధ్య మధ్యలో బేరింగు తొడిగి చూస్తారు. చెక్క సుత్తితో చిన్న దెబ్బకి ఎక్కిందా, అయిపోయింది. అంకె లేదు, పోలికే. విట్‌వర్త్ కూడా దీన్ని తప్పుపట్టడని నా నమ్మకం. చేతిలో జోడీ ఉన్నంతకాలం ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. రైతు విరిగిన షాఫ్టూ పంపూ రెండూ ట్రాలీలో వేసుకొస్తాడు కాబట్టి నిజామాబాద్ షాపుల్లో పనిలో ఎక్కువ భాగం ఇప్పటికీ జోడీ పనే. జోడీ ఎదురుగా లేకుండా డ్రాయింగు మాత్రమే వచ్చిన రోజు చెయ్యి ఆగుతుంది. మా తమ్ముడు రేపు హైదరాబాద్‌లో సిఎన్‌సి షాపుకెళ్తే మొదటి గంటలోనే ఎదురయ్యేది అదే.

అందుకని వాడికి నేను చెప్పిన వరస ఇది. ముందు మంచి స్టీలు స్కేలు, క్రిస్టీల్‌దో అలాంటిదో, గీతలు చెక్కినట్టు ఉండాలి, పెయింటు కాదు. ఒక జత క్యాలిపర్లు, అవుట్‌సైడ్, ఇన్‌సైడ్. ఇవి చూసి మా తమ్ముడు మొహం ముడుచుకున్నాడు ("ఐటిఐల గవే ఇచ్చిండ్రు గదన్నా"), కానీ చేతికి చదువు వచ్చేది వాటితోనే. తర్వాత 0.02 వెర్నియర్, బ్యాటరీ లేనిది. చవక డిజిటల్‌ది ఆఫ్ చేసినా లోపల కరెంటు తాగుతూనే ఉంటుంది, స్కేలు మీద కూలెంటు పడితే అంకెలు పిచ్చిగా గెంతుతాయి. లేత్ షాపులో కూలెంటు పడకుండా ఉండటం వానలో తడవకుండా ఉండటం లాంటిది. నాలుగోది 0-25 మైక్రోమీటర్. డబ్బంతా పెట్టాల్సింది దీనిమీద, మూడు వేల దాకా అయినా సరే. 800 పెట్టి డిజిటల్ కొంటే పోయేది 800 కాదు. దాన్ని నమ్మి పాడుచేసే మొదటి గన్‌మెటల్ ముక్క దానికంటే ఎక్కువ. పైగా నీళ్ళు ఆగిపోయిన చేను, షాపు ముందు నిలబడ్డ రైతు.

జపాన్ మైక్రోమీటర్ అనగానే మిటుటోయో. దీని వెనక ఒక ముచ్చట ఉంది, దారి తప్పినా చెప్పేస్తాను. యెహాన్ నుమాటా అనే బౌద్ధ గురువు కొడుకు 1934లో ఒకే ఒక వస్తువుతో, మైక్రోమీటర్‌తో, ఈ కంపెనీ మొదలుపెట్టాడు. ఎందుకూ అంటే బౌద్ధాన్ని ప్రచారం చెయ్యడానికి డబ్బు కావాలని! 1965లో దానికి ఒక సంస్థ కూడా పెట్టాడు. హోటల్ గదుల్లో బుద్ధుడి బోధల పుస్తకం కనిపిస్తుందే, అది వీళ్ళు పంచేదే. మా బోధన్ పాత పేరు పోదన అనీ, బౌద్ధ గ్రంథాల్లో చెప్పే అస్సక జనపదానికి రాజధాని అనీ చరిత్రకారులు గుర్తించారు. మైక్రోమీటర్ మా ఊరివైపు రావడం ఒకరకంగా పుట్టింటికి రావడమే అనుకోవచ్చు, కాస్త సాగదీస్తే.

పరికరం కొన్నాక అది నిజం చెప్తోందో లేదో ఎవరు చెప్తారు? మిటుటోయో పేరుతో నకిలీలు బోలెడు. అసలుదైనా ఒకసారి కింద పడితే నకిలీతో సమానం. స్వీడన్‌లో తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేసే యోహాన్సన్‌కి 1896లో దీనికి పరిష్కారం తట్టింది. 102 ఉక్కు దిమ్మలు, వాటిని ఒకదానికొకటి అతికించి ఇరవై వేల కొలతలు చెయ్యొచ్చు. మొదటి సెట్టు నునుపు చెయ్యడానికి వాళ్ళావిడ కుట్టుమిషన్ని మార్చి వాడాడంటారు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ వర్క్‌షాపులోనైనా లార్డ్ ఛాన్సలర్ అంటే ఆ గేజ్ బ్లాకులే. ఐతే నమ్మదగ్గ సెట్టు కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి అందేది కాదు.

కానీ నిజామాబాద్‌లో ప్రతి బేరింగుల దుకాణంలోనూ గేజ్ బ్లాకులకు తమ్ముళ్ళు దొరుకుతాయి. పేరున్న కంపెనీ 608 బేరింగు ఒకటి కొనండి. ఇది మీరు చూసిందే, 2017లో పిల్లలందరూ వేలి మీద తిప్పిన స్పిన్నర్లో మధ్యలో ఉన్నది ఈ సైజే. బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. మామూలు గ్రేడ్‌కి అనుమతించే తేడా కిందికి 0.009, పైకి సున్నా. 0-25 మైక్రోమీటర్ దాని మీద 21.99కీ 22.00కీ మధ్య చూపించాలి. 6204 బయట 47, తేడా కిందికి 0.011. దాంతో వెర్నియర్ చూడొచ్చు. లోపలి రంధ్రం 20, దాంతో వెర్నియర్ పై దవడలు చూడొచ్చు. వెడల్పుతో మాత్రం చూడకండి, దానికి 0.12 దాకా తగ్గడానికి అనుమతి ఉంది. రెండూ కలిపి కొన్ని వందల రూపాయలు. రెండు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్షన్ విభాగాలు మీ జేబులో ఉన్నట్టే. బేరింగుని నూనె తుడిచి ఒక డబ్బాలో పెట్టుకోవాలి, షాపులో ఎవరైనా అడిగితే ఇవ్వకూడదు.

ఇంకొకటి ఎండ. ప్రపంచమంతా కొలతలకి 20 డిగ్రీలు ప్రమాణం, 1931లో ఒప్పుకున్నారు. మే నెలలో మా ఊళ్ళో రేకుల షెడ్డు కింద 45. ఉక్కు జాబూ ఉక్కు మైక్రోమీటరూ రెండూ అదే వేడిలో ఉంటే కలిసే పెరుగుతాయి కాబట్టి ఫరవాలేదు. గన్‌మెటల్ మాత్రం ఉక్కుకంటే ఎక్కువ పెరుగుతుంది, వంద మిల్లీమీటర్ల బుష్‌కి 25 డిగ్రీల తేడాకి సుమారు 0.016 దాకా. లేత్ మీంచి అప్పుడే దింపిన వేడి జాబు అయితే ఇంకా మోసం. మైక్రోమీటర్ కంటే 40 డిగ్రీలు వేడిగా ఉన్న వంద మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు 0.046 లావుగా అబద్ధం చెప్తుంది. మా పెద్దబాపు జాబుని మెడకి ఆనించి చూసేవాడట, చురుక్కుమంటే టీకి వెళ్ళొచ్చేవాడట. ఫోర్‌మన్ దాన్ని బద్ధకమనుకునేవాడని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కొత్తది కొనే స్తోమత లేకపోతే సెకండ్‌హ్యాండ్‌కి నేను వ్యతిరేకం కాదు. మూతపడ్డ ఫ్యాక్టరీల సామాను ఎక్కడికెళ్తుందనుకుంటున్నారు? తుక్కు కొనేవాళ్ళ ద్వారా తిరిగి తిరిగి రాణిగంజ్ సందుల్లోకో, ఎర్రగడ్డ ఆదివారం సంతకో చేరుతుంది. అక్కడ మూర్ అండ్ రైట్, స్టారెట్ పాతవి కనిపిస్తాయి, అంగుళాలవే ఎక్కువ. 0-1 అంగుళం అని ఉంటే చవగ్గా అడగండి, ఎవరూ కొనరు కాబట్టి ఇస్తారు. 608 అందులో 0.866 చూపించాలి. థింబుల్ తిప్పుతుంటే మొదట్నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉండాలి, మధ్యలో వదులైతే మర ఎక్కువ వాడిన చోట అరిగిందని అర్థం, పెట్టేసి వచ్చేయండి. మూతులు రెండూ మూసి వెలుతురుకి పట్టి చూడండి. ఆ తర్వాత జేబులోంచి బేరింగు తీయండి. దుకాణం వాడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.